పప్పు మెత్తగా ఉడికే నీళ్లు

హైదరాబాద్,
16 నవంబర్ 2025

బిడ్డా స్రవంతీ,

నువ్వు పంపిన కవరు అందింది. మీ డిగ్రీ కాలేజీ పిల్లలు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లు తిరిగి, 20 బోర్ల నీళ్లు పట్టుకొచ్చి రాసిన రిపోర్టు రెండుసార్లు చదివాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఆరు నెలలన్నా కాలేదు, అప్పుడే వాళ్లను ఎండలోకి తీసుకెళ్లావు. నాకు చాలా సంతోషమైంది. నీ ప్రశ్న కూడా చదివాను. "మామయ్యా, వీళ్లంతా రిపోర్టులు ఏఐతో రాయించుకుంటున్నారు. భాష ఉన్నట్టుండి బాగుపడింది కానీ ఎవరికి ఏం వచ్చిందో నాకు అంతుబట్టడం లేదు. మొత్తానికే వద్దని చెప్పేయనా?" అని అడిగావు. దానికి జవాబు చెప్పేముందు 7వ నంబరు సీసా సంగతి మాట్లాడుకోవాలి.

పట్టికలో 7వ వరుస తీసి చూడు. పశువుల కొట్టం పక్కన బోరు, ఆ ఇంటివాళ్లు తాగడానికీ వంటకీ ఆ నీళ్లే వాడతారు అని పిల్లలు రాశారు. ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. కాల్షియం 124. దాని గురించి రిపోర్టులో నిండుగా ఒక పేరా ఉంది. ఇక్కడి గ్రానైటులో కాల్షియం ఎక్కువున్న ప్లాజియోక్లేజ్ ఖనిజం ఉందని, అది శిథిలమయ్యేటప్పుడు కాల్షియంతోపాటు ఫ్లోరైడ్ కూడా నీటిలోకి దిగిందని, అందుకే రెండూ కలిసి పెరిగాయని. వాక్యాలు తీరుగా ఉన్నాయి, ఎక్కడా తడబాటు లేదు. నలభై ఏళ్లు ఈ బండల మీద తిరిగినవాణ్ని, నేను ఆ పేరా దాటి ముందుకు పోలేకపోయాను.

ఎందుకంటే ఆ రెండూ కలిసి పెరగడం అంత తేలిక కాదు. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది నీటిలో చాలా కొద్దిగా కరుగుతుంది. ఒక హద్దు దాటాక కాల్షియమే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దింపేస్తుంది. 124 కాల్షియం ఉన్న నీటిలో 3.2 ఫ్లోరైడ్ నిలబడిందంటే ఆ హద్దు దాటి నిలబడినట్టే. అసాధ్యమని అనను, కానీ అలాంటి అంకె కనబడ్డప్పుడు ఆగి చూడాలి.

కాగితం తీసుకుని తూకం వేశాను. నీకు తెలిసిందే, పిల్లలకు చెప్పడానికి పనికొస్తుందని మళ్లీ రాస్తున్నాను. నీటికి మొత్తంమీద ఆవేశం ఉండదు. అందులో ధనావేశం ఎంతో రుణావేశమూ అంతే ఉండాలి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒక తట్టలో, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్ ఇంకో తట్టలో వేయాలి. ఒక్కో అంకెను దాని తుల్యభారంతో భాగించి కూడితే రెండు తట్టలూ సరిసమానంగా నిలవాలి. నూటికి 5కు మించి తేడా వస్తే ఆ నమూనాను నమ్మకూడదు. 7వ సీసాకు కాల్షియం 124 వేస్తే ధనం వైపు 14.7, రుణం వైపు 9.7 వచ్చాయి. రెండు తట్టల మొత్తంతో పోలిస్తే తేడా నూటికి 21. నువ్వు పంపిన కట్టలోనే పిల్లల ల్యాబ్ నోటుబుక్కు జిరాక్సు ఉంది కదా, వెతికి చూశాను. అక్కడ ఉన్నది 24. గడి కోసం కొట్టిన గీత కాస్త మందంగా పడి ఆ అంకెను ఆనుకుని ఉంది. టైపు చేసిన పిల్లవాడు దాన్ని ఒకటిగా చదువుకున్నాడు. 24 వేసి మళ్లీ కూడి చూశాను. అటు 9.7, ఇటు 9.7.

టైపు చేయడంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ పిల్లవాణ్ని ఏమీ అనకు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత జరిగిన పని. లేని కాల్షియం ఎక్కడి నుంచి వచ్చిందో ఏఐ వివరించింది. ఖనిజం పేరు చెప్పింది, రసాయన చర్య చెప్పింది, ఈ ప్రాంతపు భూమి చరిత్ర కూడా చెప్పింది. ఇచ్చిన అంకె తప్పేమో అన్న మాట ఒక్కచోటా రాలేదు. అలాగని దానికి ఆ లెక్క రాదనుకోకు. అదే పట్టికను నేను నా ఫోనులో ఏఐకి ఇచ్చి, "ప్రతి నమూనాకూ ఆవేశాల తూకం చూడు, తేడా ఉన్నవి చెప్పు" అని అడిగాను. నిమిషం పట్టలేదు. 7వ నమూనా సరిపోవడం లేదని, కాల్షియం అంకె మళ్లీ చూసుకోమని చెప్పింది. లెక్క దానికి వచ్చు, మన పిల్లలు అడగలేదంతే. "ఈ ఫలితాలను వివరించు" అన్నారు, అది వివరించింది.

ఏం అడగాలో మనిషికి ఎలా తెలుస్తుంది? నాకెలా తెలిసిందో చెబుతాను. ఇది మీ అమ్మకు తెలిసిన కథే, నీతో ఎప్పుడూ పూర్తిగా చెప్పినట్టు లేదు.

మన ఊళ్లో రెండు బావులుండేవి. ఊరి నడుమ చేదబావి, గుట్ట పక్కన ఇంకొకటి. ఊరి నడుమ బావి నీళ్లు కాస్త ఉప్పన, సబ్బు నురగ రాదు, పప్పు ఎంతసేపు కాచినా బద్దలు బద్దలుగానే ఉండేది. గుట్ట పక్క బావి నీళ్లు తియ్యన. మీ అమ్మమ్మ రోజూ పొద్దున్నే రెండు బిందెలు పట్టుకుని అంత దూరం నడిచి ఆ తియ్యటి నీళ్లు తెచ్చేది. "ఈ నీళ్లల్ల కందిపప్పు వెన్నలెక్క కరుగుతది బిడ్డా" అనేది. ఇంటికి ఎవరొచ్చినా ఆ నీళ్లే ఇచ్చేది. పిల్లలకు మంచి నీళ్లు పోస్తున్నానని ఆమెకు తృప్తి.

పప్పును ఉడకనీయనిది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. నురగను చంపేదీ అవే. గుట్ట పక్క బావిలో కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ. అందుకే పప్పు మెత్తగా ఉడికేది, నాలుకకు తియ్యగా తగిలేది. కాల్షియం తక్కువ కాబట్టే ఆ నీటిలో ఫ్లోరైడ్‌ను ఆపేది ఏదీ లేకపోయింది. 1986లో నేను ఆ బావి నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ 4.1 వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా తాగవచ్చు. అప్పటికే మా అమ్మ మెడ తిరగడం లేదు. ఎవరైనా పిలిస్తే మొత్తం ఒళ్లు తిప్పి చూసేది. మీ అమ్మ పండ్ల మీద గోధుమరంగు చారలు చూశావుగా, చిన్నప్పుడు పండ్లు ఏర్పడే వయసులో తాగిన ఆ నీళ్ల గుర్తులే అవి.

ఊరివాళ్ల అనుభవమే అసలు విజ్ఞానం అని కొందరు అంటుంటారు. ఆ అనుభవాన్ని నేనూ గౌరవిస్తాను. ఏ బోరు ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుందో, ఏ వాగు పక్కన చెలమ తోడితే నీళ్లూరతాయో ఊరివాళ్లను మించి ఎవరూ చెప్పలేరు. కానీ ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నాలుకకు అందిన ఆధారాలన్నీ తప్పు దారే చూపించాయి. ఆ రోజు నుంచి ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, ఈ మాట దేన్ని కొలిచి చెబుతున్నారు అని వెతకడం నాకు అలవాటైంది.

ఇప్పుడు ఊళ్లలో నాలుక స్థానంలో టీడీఎస్ మీటరు వచ్చింది. ఫిల్టరు అమ్మేవాడు గ్లాసులో మీటరు ముంచి అంకె చూపిస్తాడు. ఆ మీటరు నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, దాన్నుంచి కరిగిన లవణాల మొత్తం ఎంతో అంచనా కడుతుంది. ఏ లవణమో దానికి తెలియదు. మీ 7వ సీసాలో ఆ మీటరు ముంచితే 550 చుట్టూ చూపించవచ్చు. ఆ అంకె చూసి ఎవరైనా బాగున్నాయనే అంటారు, ప్రమాణంలో 2000 దాకా సడలింపు ఉంది మరి. అందులోనే ఫ్లోరైడ్ 3.2 దాక్కుని ఉంది. ఇంకోవైపు టీడీఎస్ తక్కువున్న మంచి నదీ జలాన్ని కూడా ఆర్వోలో పోసి, సగానికి పైగా మోరీలోకి వదిలేసేవాళ్లు ఉన్నారు. 500 లోపు టీడీఎస్ ఉన్న నీటికి ఆర్వో వాడకుండా నియంత్రించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పాల్సి వచ్చింది. మీ పిల్లలతో ఒక చిన్న పని చేయించు. రెండు గ్లాసుల్లో ఒకే టీడీఎస్ వచ్చేలా రెండు బోర్ల నీళ్లు పెట్టి, ఒకదానిలో ఫ్లోరైడ్ తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ ఉండేలా చూసి, మీటరు ఒక్కదానితో మంచివి ఏవో చెప్పమను. వాళ్లకు జన్మంతా గుర్తుంటుంది.

ఈ నీళ్లు ఇలా ఎందుకు మారాయో కూడా పిల్లలు సొంతంగా చెప్పగలగాలి. మన కింద ఉన్న గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. అందులో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. వాన నీరు మట్టిలో దిగుతూ అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది, మొరం దాటి బండ పగుళ్లలోకి చేరుతుంది, అక్కడ ఏళ్ల తరబడి నిలిచి రాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కాబట్టి కాల్షియం మట్టిలోనే సున్నపు గడ్డలుగా పేరుకుంటుంది. పొలం దున్నినప్పుడు తెల్లగా గులకల్లా బయటపడతాయే, అవే. కాల్షియం అలా బయటికి పోతే మిగిలిన నీటిలో ఫ్లోరైడ్‌కు అడ్డు లేదు. పైగా బోరు నీళ్లతో వరి పండిస్తే, మడిలో సగం ఆవిరై, మిగిలింది చిక్కబడి మళ్లీ భూమిలోకే దిగుతుంది. మళ్లీ తోడతాం, మళ్లీ చిక్కబడుతుంది. మనవాళ్లు ఫ్లోరైడ్ అంటే బండ పాపం అనుకుంటారు. బండ తన పని తాను ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. పై బావులు ఎండగొట్టి లోతు బోర్లకు పోయింది మనం.

ఫ్లోరైడ్ తెచ్చే ఈ ఎముకల, పండ్ల జబ్బు మన నేల మీద కొత్తది కాదు. దేశంలో మొదటిసారి దీన్ని శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు ప్రకాశం జిల్లా అని మనం పిలిచే వైపు. అంతకుముందే అక్కడి రైతులు దున్నే ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మన ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న కుర్రాళ్ల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. అదే నీళ్లు తాగిన అందరికీ కాళ్లు వంగలేదు. తినే తిండిలో ఏముంది, జొన్నలోని మాలిబ్డినానికీ ఒంట్లోని రాగికీ సంబంధం ఉందా అని వాళ్లు చాలా వెతికారు. 2002లో అదే సంస్థవాళ్లు చింతపండు తిన్న పిల్లల్లో ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతోందని చూపించారు. మన పచ్చిపులుసు మీద నాకున్న ప్రేమకు అదొక బలం. నీటి పరీక్ష అంకె ఒక్కదానితో జబ్బు కథ మొత్తం చెప్పలేమని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నల్లగొండ పేరు నీటి శుద్ధి పుస్తకాల్లో ప్రపంచమంతా కనిపిస్తుంది, అదీ ఈ బాధ వల్లే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. పద్ధతి మంచిదే. ఏ నీటికి ఎంత పటిక వేయాలో చూసుకుంటూ రోజూ కలిపే మనిషి ఉండాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆ మనిషి జీతం ఎవరిస్తారన్న దగ్గర చాలా ఊళ్లలో అది ఆగిపోయింది. ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. అది పెద్ద మేలు, నేను చూస్తాననుకోని మేలు. కానీ నల్లా ఉన్న ఇంట్లో కూడా ఒక్కోసారి బోరు నీళ్లతో వంట చేస్తుంటారు. మీ 7వ సీసా ఇంటివాళ్లు అదే చేస్తున్నారు. ఎందుకని అడిగారా పిల్లలు? ఆ ఒక్క ప్రశ్న రిపోర్టులో లేదు.

ఇక నీ ప్రశ్న. వద్దని చెప్పకు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుని, ఒక్కో పేజీకి ఇరవై మాటలు నిఘంటువులో వెతికిన రాత్రులు నాకింకా గుర్తు. తెలియనిది తెలియదని క్లాసులో లేచి అడగడానికి సిగ్గుపడి, అర్థం కాకుండానే బట్టీ పట్టిన పాఠాలున్నాయి. మీ కాలేజీలో ఉన్న పిల్లల్లో చాలామంది అలాంటి ఇళ్ల నుంచే వచ్చారు. రాత్రి పదకొండింటికి, ఎవరూ నవ్వరన్న ధైర్యంతో, అయాన్ మార్పిడి అంటే ఏమిటో తెలుగులో పదిసార్లు అడిగే వీలు వాళ్లకు దొరికింది. ఆ వీలు నాకు లేదు. దాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కోవడానికి నాకు మనసొప్పదు.

కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస నువ్వు పెట్టాలి. బోరు దగ్గర నోటుబుక్కు రాత పూర్తిగా చేత్తో, అక్కడికక్కడే జరగాలి. మోటరు వేసి ఎన్ని నిమిషాలు నీళ్లు వదిలారు, కేసింగ్ ఎంత లోతు వేశారట, ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయట, పేడకుప్ప ఎంత దూరం, మరుగుదొడ్డి గుంత ఎటువైపు. నైట్రేట్ 45 దాటితే ఆ గుంత సంగతి అప్పుడు పనికొస్తుంది. పీహెచ్, వాహకత, ఉష్ణోగ్రత బోరు దగ్గరే కొలవాలి. సీసాను కాలేజీకి తెచ్చేలోపు అందులోని వాయువు తప్పించుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కాస్త గోడకు అంటుకుంటుంది. సీసాలో ఉన్నవి ఇక ఆ బోరు నీళ్లు కావు. మొదటి పది నమూనాలకు తూకం చేత్తో వేయించు. క్యాలిక్యులేటర్ సరే, ఏఐ వద్దు. ఒక మెలకువ కూడా చెప్పు. కొన్ని ల్యాబుల్లో సోడియం కొలవకుండా, తూకంలో తగ్గిన మొత్తాన్నే సోడియంగా రాసేస్తారు. అప్పుడు తూకం ఎప్పుడూ సరిపోతుంది, ఏ తప్పూ పట్టుబడదు. తూకం మరీ ముచ్చటగా సరిపోతే సోడియం ఎలా కొలిచారో అడగాలి.

ఇవన్నీ అయ్యాక ఏఐ దగ్గరికి పోనీ. ఏ నీటిలో ఏ అయాన్ల పాలు ఎంతో చూపే పైపర్ రేఖాచిత్రం గీయడానికి ప్రోగ్రాం రాయించుకోనీ, మేం రోజుల తరబడి స్కేలూ పెన్సిలూ పట్టుకుని గీసిన పని అది. తమ వాదనను దానికిచ్చి, ఇది తప్పయితే ఎక్కడ తప్పవుతుంది, ఇంకేం కొలవాలి అని అడగనీ. అది ఇచ్చే ప్రతి పరిశోధనా పత్రం పేరునూ వెతికి, తెరిచి, చదివాకే రాయాలని గట్టిగా చెప్పు. నల్లగొండ ఫ్లోరైడ్ మీద నాకొకసారి ఒక పత్రం పేరు చెప్పింది. పేరు బాగుంది, పత్రిక పేరు నిజమైనదే, సంవత్సరం కూడా ఇచ్చింది. అలాంటి పత్రమే లేదు.

పెద్ద పనుల్లో ఈ యంత్రాల సాయం నేను చిన్నచూపు చూడను. స్విట్జర్లాండ్ ఇవాగ్ సంస్థ పరిశోధకులు 2018లో మన దేశంలోని 12,600 బావుల కొలతలను యంత్రానికి నేర్పి, ఫ్లోరైడ్ ఎక్కడెక్కడ 1.5 దాటే అవకాశముందో దేశమంతటికీ పటం తయారుచేశారు. సుమారు 12 కోట్ల మంది ఆ ప్రమాదంలో ఉన్నారని అంచనా వేశారు. ఎక్కడ ముందుగా పరీక్షలు చేయాలో చెప్పడానికి అది గొప్ప పనిముట్టు. అయితే ఆ పటం నేర్చుకున్నది 12,600 సీసాల నుంచి. ఎవరో ఒకరు ఆ ప్రతి బావి దగ్గరా నిలబడి సీసా నింపారు. మన బండలో 50 మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లు రెండు వేర్వేరు పగుళ్ల నీళ్లు తాగుతుంటాయి, ఒకదానిలో 1, ఇంకోదానిలో 4 ఉండొచ్చు. కాబట్టి మీ పిల్లలు తెచ్చే ప్రతి అంకె జాగ్రత్తగా తెచ్చిందై ఉండాలి. రేపు ఏదో ఒక యంత్రం దాన్నుంచి నేర్చుకుంటుంది. 24ను 124గా నేర్పితే అది అలాగే నేర్చుకుంటుంది.

ఈ పనిముట్టు కూడా నీళ్లు తాగుతుందని వాళ్లకు తెలియాలి. కంప్యూటర్లను చల్లబరచడానికీ, వాటికి కావలసిన కరెంటు పుట్టించడానికీ కలిపి, అప్పటి మోడల్ ఒకటి 10 నుంచి 50 జవాబులు ఇచ్చేసరికి అర లీటరు నీళ్లు ఖర్చవుతాయని 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు అంచనా కట్టారు. ఎక్కడ, ఏ కాలంలో నడుస్తుందన్న దాన్నిబట్టి అది మారుతుంది. విశాఖలో పెద్ద డేటా కేంద్రం రాబోతోందని విన్నప్పటి నుంచి, ఆ నీళ్లు ఏ జలాశయం నుంచి ఇస్తారు, వాడినవి ఎటు వదులుతారు, మే నెలలో ఊరికి ముందా దానికి ముందా అని నాలో నేను అడుగుతూనే ఉన్నాను. భూశాస్త్రం చదివిన పిల్లలు ఆ ప్రశ్నలు బయటికి అడగాలి.

ఇంకో మాట. ఏఐని శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణమేమిటని అడిగితే వరుసగా కారణాలు చెబుతుంది. నీళ్లు, సిలికా, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశం. అన్నీ ఎవరో ఒకరు అనుమానించినవే. ఏళ్ల తరబడి ఎందరో పరిశోధకులు అక్కడ పనిచేసినా, ఇదే కారణమని ఇంకా తేలలేదు. కవిటి, సోంపేట వైపు డయాలసిస్ కోసం బస్సెక్కే మనిషికి ఆ జాబితా ఏం చెబుతుంది? తేలని దాన్ని తేలలేదని రాయడం పిల్లలకు నేర్పు. మార్కులు తగ్గించకు సరికదా, ఎక్కువ వెయ్యి.

అన్నిటికంటే ముఖ్యమైంది చివరికి మిగిలింది. ఫలితాలు ఆ ఊళ్లకు తిరిగి వెళ్లాలి. 1986లో నేను గుట్ట పక్క బావి దగ్గర సీసా నింపుతుంటే అమ్మ బిందె పక్కన పెట్టి చూస్తూ నిలబడింది. "సీసాలు పట్టుకపోయెటోళ్లు మస్తుమంది వచ్చిన్రు బిడ్డా, మల్ల ఎవ్వలు రాలే" అంది. నేను కొడుకుని కదా, నేను రానా అనుకున్నాను. ఫలితం నా చేతికి వచ్చాక ఆఫీసు పనులు, రిపోర్టు, వేరే జిల్లా క్యాంపు. ఊరికి వెళ్లి ఆమెకు ఆ నీళ్లు వద్దని చెప్పేసరికి ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలలూ ఆమె ఆ నీళ్లే తాగింది, మీ అమ్మకూ అవే పోసింది.

అందుకని 7వ సీసా ఇంటికి ఈ వారమే వెళ్లండి. రిపోర్టు పూర్తయ్యేదాకా ఆగకండి. పిల్లలు ఏఐతో రాయించిన తెలుగు కాగితం కూడా కవరులో చూశాను. "భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ గాఢత అనుమతించదగిన పరిమితిని అధిగమించినది" అని ఉంది. ఆ ఇంటి ఇల్లాలికి అది వినిపించి ఏం లాభం? "అమ్మా, ఈ బోరు నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. కాచినా ఈ దోషం పోదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది. బట్టలకు, అంట్లకు వాడుకో. పిల్లలకు మాత్రం నల్లా నీళ్లే పొయ్యి" అని నోటితో చెప్పాలి. నల్లా నీళ్లు ఎందుకు వాడటం లేదో కూర్చుని వినాలి. వాసన వస్తోందా, రోజూ రావడం లేదా, పప్పు ఉడకడం లేదా? ఏది చెబితే అది రాసుకుని, నల్లా నీళ్లు కూడా ఒక సీసా పట్టుకురండి.

సంక్రాంతి సెలవులకు నువ్వూ మీ అమ్మా ఊరికి వస్తున్నారని తెలిసింది. నేనూ వస్తాను. గుట్ట పక్క బావి సగం పూడింది కానీ అడుగున నీళ్లున్నాయట, పక్క పొలం రైతు ఫోనులో చెప్పాడు. లీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకురా. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. మూడుసార్లు ఆ నీళ్లతోనే కడిగి నింపుదాం. నా 1986 నోటుబుక్కు వెతికి తీసి పెట్టాను. ఆ బావి వరుసలో ఫ్లోరైడ్ 4.1 అని ఉంది, పక్కన పీహెచ్ ఉంది. ఆ రోజు కాల్షియం కొలిపించలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది, దాన్ని నువ్వు నింపు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ మేనమామ